ఊడ్చేసిన సాక్ష్యం

అమ్మకు,

నేను క్షేమం. లాకప్పులో లేను, కాబట్టి పక్కింటి అత్తయ్య మాటలు నమ్మకు.

నేను పని చేసే కళ్ళజోళ్ళ దుకాణంలో దొంగలు పడ్డారని రాశాను కదా. ఆ పొద్దున తాళం తీసింది నేనే. పగిలిన అద్దం చూడగానే, నీ కూతుర్ని కదా, ముందు చీపురు పట్టాను. ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, బీరువాలన్నీ తుడిచాకే యజమానికి కబురు పెట్టాను. "ఒక్క వేలిముద్ర మిగల్చలేదు, దొంగతో పొత్తు లేకపోతే ఇంత శుభ్రమా!" అంటున్నారు పోలీసులు. నేరం మోపరు, కేసు మూయరు. నాకు సీటిచ్చే యూనివర్సిటీ గుమాస్తాకేమో "కేసు లేదు" అని పోలీసుల కాగితం కావాలట. "ముందు దొంగవో కాదో తేల్చుకుని రామ్మా, సీటు సంగతి తర్వాత" అని నవ్వాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు, ఆ నవ్వుకే నా ఒళ్ళు మండింది. గడువు ఈ నెలాఖరే.

నిన్న స్టేషన్లో ఇన్‌స్పెక్టరు గారి టీ ఒలికింది. ఆయన తుడవడానికి ఎవర్నైనా పిలిచేలోపే నా రుమాలుతో బల్లంతా తుడిచేశాను. ఆయన నావైపు తేరిపార చూసి, "ఎక్కడ నేర్చుకున్నావిది?" అన్నారు. "మా ఇంటికొచ్చి చూడండి" అన్నాను విసుగ్గా. ఆదివారం నిజంగానే వస్తారట!

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముణ్ణి నా పుస్తకాలు ముట్టుకోవద్దను. నాన్నకు నమస్కారాలు.

నీ పెద్దది

అడ్రసు పక్కన కాస్త చోటు మిగిలింది. వచ్చినవాళ్ళు గడప దాటేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాత కుర్చీ తుడుస్తావు కదా. ఈసారి ఆగకు. ఆయన లేవగానే, ఆయన కళ్ళెదుటే తుడువు.