పెళ్లికొడుక్కి పాత ప్యాంటు

గోవిందరాజులు మామకు హిందూపురం నుంచి నమస్కారాలు.

మా చెల్లెలు సాయిసుధ పెళ్లికి మీ అశోక్ పట్టుబట్టల్లో చెమటతో తడిసిపోకూడదని మీరన్నారు. అందుకని మా పాత అంబాసిడర్‌లో ఎప్పుడో పాడైన ఏసీని నేనే బాగు చేశాను. చల్లగా వస్తోందో లేదో చెప్పమని మా అవ్వను లోపల కూర్చోబెట్టాను. అదే పొరపాటు.

"తలుపెయ్ రా, చల్లదనం బయటికి పోతాండాది" అంది. భోజనానికి కూడా దిగడం లేదు. అశోక్‌ను తీసుకురావడానికి ధర్మవరం తనూ వస్తుందట.

ఇంకొక సంగతి. నిన్న అవ్వతోనే తోలి చూశాను. ఏసీ వేస్తే కారు పెనుకొండ దగ్గర ఎత్తు ఎక్కడం లేదు. ఏసీ కాసేపు ఆపుతానన్నాను.

"ఆపితే ఊరుకోను. ఆ పొద్దు తోసేదానికి పెండ్లికొడుకు ఉండాడు కదప్పా! ఊరికే కూర్చుంటాడా ఏమి?" అంది.

నేను స్టీరింగు వదలలేను. మీకేమో మోకాళ్ల నొప్పులు.

కాబట్టి మామా, తప్పుగా అనుకోకుండా అశోక్‌ను పెనుకొండ దాకా పాత ప్యాంటులో రమ్మనండి. ఎత్తు దాటాక పట్టుపంచె కట్టుకోవచ్చు. తోసిన చెమట గురించి మీరు దిగులు పడవద్దు. ఎక్కి కూర్చుంటే చిటికెలో ఆరిపోతుంది. ఏసీ చాలా బాగా పనిచేస్తోంది.