ఏటి సంగతి

సమాచార అధికారి గారికి నమస్కారం.

ఊరి మొదట్లో "సిమెంటు రోడ్డు పూర్తయినది" అని మీ బోర్డు ఉంది, రోడ్డు లేదు. అందుకే సమాచార హక్కు కింద "మా రోడ్డు ఏటి సంగతి?" అని అడిగాను. మా శృంగవరపుకోట వైపు ఏటి అంటే ఏమిటి అని. మీరు ఏరు అనుకుని నా దరఖాస్తును ఇరిగేషన్ వాళ్లకు పంపేశారు. వాళ్లేమో ఆ ఊళ్లో ఏరే లేదని తేల్చేశారు.

అది విని మా అత్త లక్ష్మణమ్మ, "ఏరు నేదా? మరి వానొస్తే మనం ఈదతన్నది ఏటిలోరా?" అంది.

ఆ రోడ్డు ఎక్కడుందో ఈసారైనా చెప్పండి. చెప్పలేకపోతే వానాకాలంలో మీరే రండి. బోర్డు వరకూ జీపు వస్తుంది. అక్కడి నుంచి మిమ్మల్ని దాటించడానికి ఆ బోర్డునే పీకి తెప్ప కడతాం.

ఇట్లు,
ఈత నేర్చుకున్న మీ దరఖాస్తుదారు