ఆటలో దొంగని నేను

నవంబర్ 1, శుక్రవారం

మూడు గంటల సెలవు. పెంచల్, నేను బస్సులో ఫహాహీల్‌కి పోయినాం, అయ్యప్ప గదికి. అయ్యప్ప కోనసీమవాడు, ఫోన్లు రిపేర్ చేస్తాడు. పెంచల్ మా కడపోడు. ఈ కువైట్‌లో ఇంటి యజమానురాలిని మామా అనాలి. మామా ఇంట్లో వాడు డ్రైవర్, నేను పనిమనిషి.

ఆటలో మాత్రం వాడు మంత్రగాడు, నేను దొంగ. అయ్యప్ప కథ నడుపుతాడు. ఏం చేస్తామో చెప్పి ఇరవై ముఖాల పాచిక వేస్తాం. పెద్ద నంబర్ పడితే పని జరిగినట్టే. ఈరోజు తలుపు పగలగొట్టాను! వారమంతా సరే మామా, సరే మామా అనే నోటితో గట్టిగా అరిచాను. కడుపు నిండిపోయింది.

వచ్చే వారం కోటలో దూరాలంట. మ్యాప్ మమ్మల్నే గీసుకు రమ్మన్నాడు.

నవంబర్ 5, మంగళవారం

పెంచల్ మ్యాప్ గీశాడు. అచ్చం మామా ఇల్లే! నవ్వాగలేదు. మరి మేం లోపలికెళ్లి చూసిన కోట అదొక్కటే కదా. వాడిది కోడి గెలికిన రాత. అందుకే పేర్లు నేను రాశాను. వెనక గేటు: కాపలావాడు మధ్యాహ్నం నిద్రపోతాడు. పై గది: రాక్షసి. మంచం కింద: నిధి. దొంగ దారి ఇటు.

నవంబర్ 8, శుక్రవారం

మ్యాప్ కనపడలేదు. ఆట లేదు.

నవంబర్ 9, శనివారం, ఉదయం 11

మామాకి దొరికింది. కారు సీటు కింద.

తెలుగు అక్షరాలు తెలియకపోయినా తన ఇల్లు తనకు తెలీదా? కిచెన్‌లో నా ముందు పరిచి, చదవమంది. నాకు చదువు రాదు మామా అనేశాను. రెండేళ్ల నాటి అబద్ధం అది. చదువుకున్నదంటే మాట వినదని పనికి పెట్టుకోరు, రాదని చెప్పమని ఏజెంట్ నేర్పాడు. ఇంటర్ పాసైన దాన్ని. అలవాటుగా వచ్చేసింది. తర్వాత కడిగిన ప్లేట్లే మళ్లీ కడిగాను.

సాయంత్రం 5

వంట చేసే మున్నీ బీ చెప్పింది. గీసింది తనేనని పెంచల్ ఒప్పుకున్నాడంట. ఆట అంటే మామా నమ్మలేదంట. పెళ్లాంబిడ్డలున్నోడు ఆడే ఆటా ఇది అందంట. రాసిందెవరంటే వాడు నోరు విప్పలేదు. ఫోన్ లాక్కుని, వాడి గదికి బయట తాళం వేశారు. రేపు మామా వాళ్ల అన్న వచ్చి పోలీసులకి అప్పజెప్తాడంట.

నాకు భయం. చెప్తే నేనూ పోతాను. ఇఖామా ఖలాస్, ఇక్కడ ఉండే పర్మిట్ పోయినట్టే. దొంగ అని రాసింది నా చేత్తోనే.

నవంబర్ 10, ఆదివారం, ఉదయం 6

నిద్ర లేదు. బట్టలు ఆరేస్తుంటే పెంచల్ గది కిటికీలో కనపడ్డాడు. చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఇద్దరు చిన్నపిల్లలు వాడికి. ఆటలో నాకోసం రెండుసార్లు చచ్చాడు. అప్పుడు పడీ పడీ నవ్వాం.

వాడు అరిచి నా పేరు చెప్పినా ఇంత భయం వేసేది కాదు.

7.40

మామా వాళ్ల అన్న కారు వచ్చింది. ఆటేనని సాక్ష్యం ఏదంటారు. ఈ నోట్‌బుక్కే ఉంది, తేదీలతో సహా. తీసుకుని కిందికి పోతున్నా. చదువొచ్చు మామా అని చెప్పి, మొదటి పేజీ నుంచి చదివి అరబ్బీలో వినిపిస్తా. రాక్షసి దగ్గర కూడా ఆగను.