కాపీ ట్రేలో పడిన కాగితం

మార్చి 4, సోమవారం. సాయంత్రం 5.10

ఈ మధ్యాహ్నం 3.40కి, మా పేపరాఫీసు స్టోర్ రూములో తలుపు గడియ పెట్టుకుని, డెస్క్‌లో పనిచేసే అమ్మాయి తన పెళ్లిరోజుకని తెచ్చి దాచిన కేకు మొత్తం తినేశాను. చెంచా లేదు. పన్నెండు నిమిషాలు పట్టింది. రుచి ఎలా ఉందో చెప్పలేను.

నాలుగున్నరకు ఖాళీ అట్టపెట్టె బయటపడింది. అందరూ ఫోటోగ్రాఫర్ మీద పడ్డారు. అతని తిండి చూసి బకాసురుడని పేరు పెట్టింది మేమే. తను తినలేదన్నాడు. ఒక్కరూ నమ్మలేదు. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నవ్వేసి, సరే ఇంకోటి తెస్తానని బయల్దేరాడు.

నేను నోరు విప్పలేదు. ఇరవై రెండేళ్లుగా ఊళ్లోవాళ్ల తప్పులు రాసి బతుకుతున్నదాన్ని.

మార్చి 5

అక్కకు ఫోన్ చేసి చెప్పాను. కేకు సంగతే కాదు, ఆరేళ్ల సంగతి. బీరువాలో దాచిన పాకెట్లు, కవర్లను పక్కవీధి చెత్తకుండీలో పడేసి రావడం, అన్నీ. అక్క తిట్టలేదు. డాక్టరుకు చూపించుకో, నేనూ వస్తానంది. వద్దన్నాను. సరే, బయట కుర్చీలో కూర్చుంటా, నువ్వెవరో తెలియనట్టే ఉంటా అంది.

మార్చి 7, గురువారం

డాక్టరమ్మ గదిలో గడియారం లేదు. అందుకే టైము రాయలేను. ఇది జబ్బే, కక్కుర్తి కాదంది. బింజ్ ఈటింగ్, అంటే ఆపుకోలేక తినేయడం, అని పేరు కూడా చెప్పింది. బరువు చూసుకోవద్దంది. ఏం తిన్నాను, ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, అప్పుడు మనసెలా ఉంది, అన్నీ రాసి వచ్చే గురువారం తెమ్మంది.

బయటికొచ్చి చెబితే, రిపోర్టర్‌కే రిపోర్టింగ్ అప్పజెప్పిందా అని అక్క నవ్వింది. తెలియనట్టు ఉంటానన్న మాట అప్పటికే మరిచిపోయింది.

మార్చి 9

ఈ రోజు ఏమీ జరగలేదు. జరగకపోవడం కూడా వార్తే.

మార్చి 12, మంగళవారం. సాయంత్రం 6.00

ఆఫీసులో ఇంకా ఇంకు పెన్నుతో, న్యూస్‌ప్రింట్ ముక్కల మీద రాసేది నేనొక్కదాన్నే. డాక్టరమ్మ అడిగిన చిట్టా కూడా అలాంటి ముక్క మీదే రాస్తున్నాను. ఇవాళ పొరపాటున దాన్ని నీళ్ల సరఫరా వార్తతో కలిపి పిన్ కొట్టి, అచ్చుకు వెళ్లే వార్తల కాపీ ట్రేలో వేశాను.

నాలుగింటికి బ్యాగు వెతికితే చిట్టా లేదు. పరుగెత్తాను. ట్రే ఖాళీ. నా చేతిరాత చదవగలిగేది మేమంతా బాబాయ్ అని పిలిచే ప్రూఫ్ రీడర్ ఒక్కడే కాబట్టి నా కాపీ ముందు ఆయన దగ్గరికే వెళ్తుంది. ఆయన సీట్లో లేడు.

ఐదున్నరకు నా బల్ల మీద అంటించిన కవరు. లోపల నా కాగితం. రెండు అక్షరదోషాలు దిద్దాడు. నిన్నటి ఉదయం 8 గంటల టీకీ, సాయంత్రం 4 గంటల ఆ తిండికీ మధ్య బాణం గుర్తు వేసి, మార్జిన్‌లో ఎర్రసిరాతో ఇలా రాశాడు: "ఇక్కడ కాపీ మిస్ అయినట్టుంది. పంపగలరు."

కాపీ మిస్ కాలేదు. ఆ ఎనిమిది గంటలు నేనేమీ తినలేదు. ఏ రోజూ తినను. నిన్నటి తిండికి ఇవాళ్టి పస్తు శిక్ష. ఐదు రోజుల చిట్టాలో ఐదు ఖాళీలున్నాయి. రాసిన నాకు ఒక్కటీ కనపడలేదు.

మార్చి 13

సరిగ్గా ఒంటిగంటకు బాబాయ్ క్యారియర్ పట్టుకుని నా బల్ల దగ్గర ఆగాడు. కాగితం ఊసే ఎత్తలేదు.

"లే అమ్మాయ్. ఒక్కణ్ణే తింటే సహించడం లేదు."

ముప్ఫై ఏళ్లుగా కిటికీ పక్కన ఒక్కడే తింటున్నాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఇవాళ్టి పేపరు పరిచి, నీళ్ల సరఫరా వార్త మీదే గిన్నె పెట్టాడు. తిన్నాను. రుచి తెలిసింది. కొంచెం ఉప్పు తక్కువ.

మార్చి 14

ప్రూఫ్ రీడర్ సరిగ్గా పట్టుకున్నాడంది డాక్టరమ్మ. పగలంతా కడుపు మాడిస్తే సాయంత్రం అది ఊరుకోదట. పూట తప్పకుండా తినడమే మందులో సగమట.

మార్చి 16, శనివారం

మళ్లీ జరిగింది. సాయంత్రం ఆరింటికి, వంటింట్లో. అక్కకు చెప్పాను. రాశావా అంది. రాశానన్నాను. అయితే రాత్రి భోజనం మానకు, నేను లైన్లోనే ఉంటా, తిను అంది. తిన్నాను. తను అవతల పళ్లేలు కడుగుతున్న చప్పుడు వింటూ.

మార్చి 18, సోమవారం

మా పేపర్లో తప్పు పడితే మర్నాడు అదే పేజీలో సవరణ వేయాలి. కేకు నింద రెండు వారాలుగా సవరణ లేకుండా నడుస్తోంది. పదకొండింటికి మెట్ల మీద ఫోటోగ్రాఫర్‌ని ఆపి చెప్పాను.

"తెలుసక్కా" అన్నాడు. "పెట్టె మూత మీద ఇంకు వేలిముద్రలున్నాయి. ఆఫీసులో ఇంకు పెన్ను ఎవరిది?"

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నాకున్న పేరుకు ఇంకో కేకు ఒక లెక్కా?"

కెమెరా బ్యాగు భుజాన వేసుకుని నాలుగు మెట్లు దిగి, వెనక్కి తిరిగాడు. ఇప్పుడెలా ఉందక్కా అని అడిగాడు. మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. ఆరు నిమిషాలు. అతనూ కూర్చున్నాడు.

అదే రోజు, సాయంత్రం 6.05

రేపు ఒంటిగంట. కిటికీ పక్క బల్ల. బాబాయ్, ఫోటోగ్రాఫర్, నేను. నాలుగో కుర్చీ డెస్క్ అమ్మాయికి, రమ్మన్నాను, వస్తానంది.

ముందు చెప్పాలి. తర్వాత తినాలి.