ముళ్ల కింది పాతబావి

తమ్ముడూ,

సేత్తూరు దోవలో ముళ్లు కమ్మిన మన చేనును చిన్నోడు కుమారు ఈరోజు చదును చేస్తున్నాడు. ట్రాక్టరు ముందు తగిలించే బక్కెట్లు రెండు రకాలు చూశాం. ఇనుప పళ్ల బక్కెట్టు పొదలను తోసుకుంటూ వాటి మీదికే పోతుంది. కొక్కేల బక్కెట్టయితే ముందు పొదను ఎత్తి, కింద ఏముందో చూపిస్తుంది.

"ఎత్తేదే తీసుకోరా. పాతబావి ఎక్కడుందో మీ అన్నకొక్కడికే తెలుసు," అన్నాను.

"పోక్కా, నీకెప్పుడూ బయమే! పళ్లదైతే రెండు దినాల్లో ముగిసిపోతుంది," అని నవ్వాడు.

గొడ్లు పడకూడదని బావిమీద తాటిమొద్దులు పరిచి, చుట్టూ ముళ్లు పెంచింది నువ్వే. ఇప్పుడు చేనంతా ముళ్లే. మొద్దులు ఈపాటికి పుచ్చిపోయి ఉంటాయి.

పొద్దున నీ పటానికి దీపం పెట్టాను. వాడు దండం పెట్టి, పళ్ల బక్కెట్టే తగిలించి ట్రాక్టరెక్కాడు.

వాడికి దోవ చూపించు, తమ్ముడూ. నీ దగ్గరికి మాత్రం పిలుచుకోకు.

పెద్దక్క