నీ పట్టు తెలిసిన రోజు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున సంవత్సరీకం అయ్యాక, ఎవరికీ ఇవ్వకుండా దాచిన నీ జూడో బట్టలు వదిన తీసి కమల చేతికిచ్చింది. నీ కూతురికిప్పుడు పద్నాలుగేళ్లు. పొడవైన చొక్కా చేతులు పైకి మడిచి వేసుకుంది.

"చిన్నాయినా, నాయిన నేర్పిన హాలుకు తీస్కపో" అంది.

నువ్వు పోయాక నేను అడుగు పెట్టని బాలానగర్ హాలుకు తనను తీసుకెళ్లాను. చాపలు దులిపి పరిచాను. ముందు దెబ్బ తగలకుండా పడటం నేర్పాను. కమల అంతటితో ఆగలేదు.

"నాయిన నిన్ను నడుం మీదికెల్లి ఎట్ల ఎత్తేసేటోడో నన్ను గట్ల ఎత్తెయ్యి."

పదేళ్లు నీ చేతుల్లో పడ్డవాణ్నే గానీ, ఎవరినీ పడేసినవాణ్ని కాదు. భయంగానే కమల చొక్కా పట్టుకుని వెనక్కి తిరిగాను. మోకాళ్లు వంచి నా నడుము తన నడుము కిందికి చేర్చాను. లేచేసరికి బరువంతా నా వీపు మీదికి వచ్చింది. ముందుకు వంగి తిప్పాను. తల నేలకు తగలకుండా, పూర్తిగా పడేదాకా తన చెయ్యి పైకి లాగి పట్టుకున్నాను. ఇన్నాళ్లూ నువ్వు నన్ను పడేసేవాడివనే అనుకున్నాను అన్నా. ప్రతిసారీ పట్టుకునే ఉన్నావు.

కమల లేచి బెల్టు సర్దుకుంది. "ఇగ నా వంతు. రా."

మూడోసారికి నన్ను పడేసింది. నేను చాప మీద అలాగే ఉండిపోయాను.

"దెబ్బ తాకిందా చిన్నాయినా?"

"లేదు బిడ్డా. రేపు గూడ వద్దాం."

నీ తమ్ముడు,
నర్సింహ