మోటారుకి కట్టిన ఎర్రగుడ్డ

నరసాపురం, 12-11-1998

అక్కగారికి సూర్యరాజు నమస్కారాలు. నేను క్షేమమే, కంగారు పడకండి.

మన పడవ పాత మోటారు స్పీడందుకుంటే చాలు, వేడెక్కిందని అలారం కూసేది. ఒడ్డున కట్టి ఆడిస్తే నోరు మెదిపేది కాదు. మెకానిక్ గున్నేశ్వరరావే మంచి సామాను కాజేసి పాతది బిగించాడని అనుమానపడి, రేవులో నలుగురి ముందూ దొంగన్నాను. ఆయన మోటారు పైకెత్తి చూపించాడు. దిష్టి తగలకూడదని దసరాకి మీరు నీళ్లలో మునిగే దాని కాలికి కట్టిన ఎర్రగుడ్డ, వేగానికి వెనక్కి సాగి, మోటారు చల్లబడ్డానికి నీళ్లు పీల్చే కన్నాలు మూసేస్తోందిట.

విప్పేశాక కూత లేదు. మాగాయ ఓ జాడీ పంపండి, ఆయనకి నా చేత్తో ఇవ్వాలి. బావగారి మోకాలు ఎలా ఉంది? పిల్లలకి ఆశీస్సులు.

గుడ్డ పారేయలేదండి. మరి ఆ దిష్టి ఎటు పోతుందోనని నా మొలతాడుకి కట్టుకున్నాను.